పొలిమేర లోపలి కాపురం

కోమలికి కూర్చుని కాఫీ తాగడం రాదు. పొద్దున లేచి మొహం కడుక్కోగానే గ్లాసు పట్టుకుని మిద్దె ఎక్కుతుంది. ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడ దాకా నడుస్తూ ఊదుకుని ఊదుకుని తాగుతుంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి మెట్లు సగం దిగి ఉంటుంది. ఆమె పుట్టిల్లు నగరి. అక్కడ ఇంటి ముందు గదంతా మరమగ్గాలే. దారం తెగితే పరిగెత్తి అతకాలి, కండె అయిపోతే పరిగెత్తి మార్చాలి. ఆ చప్పుడులో పుట్టి ఆ పరుగులో పెరిగిన పిల్ల కాబట్టి కాలు ఒకచోట నిలవదు.

ఎండలు ముదరకముందే పెళ్లయి తిరుపతికి వచ్చింది. భర్త గిరిని ఆమె 'మామా' అని పిలుస్తుంది. అతను తిరుచానూరులో ఒక లాడ్జికి వ్యాను నడుపుతాడు, యాత్రికులను స్టేషన్ నుంచి గదులకూ గదుల నుంచి గుడికీ తిప్పడం అతని పని. అత్త మునిరత్నమ్మ ఆ తిరుచానూరులోనే అమ్మవారి గుడి దగ్గర పూలు అమ్ముతుంది. గిరి తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లీ కొడుకూ తెల్లారి వెళితే సాయంత్రం దాకా రారు. పాత ఊళ్లో రెండు గదుల ఇంట్లో కోమలి ఒక్కతే మిగిలేది. ఆ ఇంటి నిశ్శబ్దం ఆమెకు చెవినొప్పిలా ఉండేది.

ఏదో ఒకటి చెయ్యకపోతే తోచేది కాదు. మొదటి వారం వంటింటి అలమర మొత్తం సర్దేసింది. ఆ సాయంత్రం మునిరత్నమ్మ పోపులో ఆవాల బదులు నల్ల నువ్వులు వేసింది. రెండో వారం నీళ్ల డ్రమ్ము కడగడానికి వంపేసింది. ఆ తర్వాత రెండు రోజులు కుళాయి రాలేదు. ముగ్గురూ పక్కింటి బిందెల మీద బతికారు. మూడోసారి మాత్రం నిజంగా మంచి చేద్దామనే పూనుకుంది. ఎండ వృథాగా పోతోందని బియ్యప్పిండి ఉడికించి, మిద్దె మీద దుప్పటి పరిచి వడాలు పెట్టింది. దుప్పటి కొత్తది, ఎర్ర గులాబీల అద్దకం. సాయంత్రానికి వడాలన్నీ చక్కగా ఎండాయి. ప్రతి వడం మీదా ఒక గులాబీ రేకు దిగింది.

మునిరత్నమ్మ ఒక వడాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది.

"నేతోళ్ల బిడ్డవి గదమే. రంగు పోయే గుడ్డేదో, పోనిదేదో సూస్తే తెలీదా?"

"మా ఇంట్లో నేసేదే అత్తా. అద్దేది వేరేవాళ్లు."

"అట్నా. అయితే ఇయ్యి నువ్వూ నీ మొగుడూ తినండి."

గిరి తిన్నాడు కూడా. వేయించుకుని, పెరుగన్నంలో నంజుకుని, బాగానే ఉన్నాయన్నాడు. అతనికి కోపం తొందరగా రాదు. కానీ కోమలికి తెలుసు, ఇలాగే ఇంట్లో తిరుగుతుంటే తాను ఇంకేదో ఒకటి తగలేస్తుంది. పెళ్లికి ముందు సూళ్లూరుపేట అవతల పారిశ్రామిక వాడలో ఒక ఫోన్ల ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చింది. ఆ పిలుపు కోసం రోజూ ఫోను చూసుకునేది. పిలుపు వస్తే ఒప్పుకుంటామని పెళ్లిచూపుల నాడే తల్లీకొడుకులిద్దరూ అన్నారు.

పిలుపు మే నెలలో వచ్చింది. వచ్చీ రావడమే చిక్కుతో వచ్చింది.

తిరుపతిలో మేలో గంగమ్మ జాతర. ఒక మంగళవారం ఊరంతటా డప్పుతో చాటింపు వేస్తారు. మళ్లీ మంగళవారం జాతర. ఈ మధ్య రోజుల్లో మగవాళ్లు రోజుకొక వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు, మొక్కుకున్నవాళ్లు ఆడవేషమూ కడతారు. చాటింపు పడ్డాక ఊళ్లోవాళ్లు పొలిమేర దాటి రాత్రి నిద్ర చెయ్యకూడదని మునిరత్నమ్మ ఇంటి కట్టుబాటు. కోమలి శిక్షణ సరిగ్గా చాటింపు మర్నాడు మొదలు. వారం పాటు హాస్టల్లో ఉండి నేర్చుకోవాలి. ఒక్క రోజు మానినా పేరు తీసేస్తారు. ఆఖరు రోజు పరీక్ష. ఆ ఆఖరు రోజే జాతర.

ఇంకొక మెలిక కూడా ఉంది. గిరికి సంబంధాలు కుదరక నాలుగేళ్లు గడిచినప్పుడు మునిరత్నమ్మ గంగమ్మకు మొక్కుకుంది. పెళ్లయితే ఆ ఏటి జాతర రోజున కొత్త కోడలి పెళ్లి చీర, ఆ కోడలి చేతనే కొడుక్కు కట్టించి, అతన్ని అమ్మవారి ముందుకు తీసుకొస్తానని.

"ఆదివారం కట్టుకుంటాలే అమ్మా. ఆ పొద్దు ఈమెకి సెలవు," అన్నాడు గిరి.

"మొక్కింది జాతర పొద్దుకి. ఆదివారానికి కాదు."

కోమలి అప్పటికే గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నాలుగుసార్లు నడిచింది. ఆగి అడిగింది.

"అత్తా, పొలిమేర దాటకూడదా, దాటి ఆడ పనుకోకూడదా?"

"పనుకోకూడదు."

"మరి నువ్వు తిరుచానూరికి పోయి పూలమ్మి వస్తా ఉండావు గదా. అది పొలిమేర అవతలే గదా."

"నేను పొద్దు మునిగే పాటికి ఇంటికాడ ఉంటా."

"నేనూ ఉంటా. హాస్టలొద్దు. రోజూ పోయి రోజూ వస్తా. జాతర పొద్దు తెల్లారకముందే లేచి మామకి చీర కట్టేసి పోతా."

మునిరత్నమ్మ పూల దారం పళ్లతో కొరికింది. కోడలిని కింది నుంచి మీదికి చూసింది.

"పోతావులే. నీ కాళ్లకి అదేం లెక్క. కానీ ఒక్క రాత్రి అవతల ఉండిపోయినా నేను ఒప్పుకోను, ముందే సెప్తా ఉండా."

హాస్టలు వద్దన్నవాళ్ల కోసం కంపెనీ బస్సు ఉంది, కానీ అది శ్రీకాళహస్తి దాకానే వచ్చేది. అందుకని చీకటితో లేచి గిరి బండి మీద తిరుపతి బస్టాండుకు, అక్కడ ఆర్టీసీ బస్సెక్కి కాళహస్తికి, స్వర్ణముఖి వంతెన దగ్గర దిగి కంపెనీ బస్సుకు. సాయంత్రం ఇదంతా తిరగేసి. ఆ బస్సులో పక్క సీటు అమలది. రేణిగుంట పిల్ల, ఆమె కూడా హాస్టలు వద్దనుకుంది. వాళ్లమ్మకు షుగరు, రాత్రిపూట తోడుండాలి.

"మీ గంగమ్మ నిండా కట్టుదిట్టం చేస్తాది మే," అనేది అమల నవ్వుతూ. "మా ప్రభువైతే హాస్టల్లో పనుకున్నా ఏమీ అనడు. మాయమ్మే అంటాది."

పరుగు మొదలైంది. మొదటి రోజు టిఫిన్ డబ్బా ఆర్టీసీ బస్సులో మర్చిపోయింది. రెండో రోజు గిరి బండి చైను ఊడింది. ఇద్దరూ బస్టాండు దాకా పరిగెత్తారు. మూడో రోజు వీధి మలుపులో, వేషాలు కట్టి వచ్చేపోయేవాళ్లను తిట్టే గుంపుకు దొరికిపోయింది. ఆ రోజుల్లో వాళ్లు ఏమన్నా ఎవరూ తప్పు పట్టరు.

"సూడండ్రా, కొత్త పెళ్లికూతురు. మొగుణ్ణి వొదిలేసి పారిపోతా ఉండాది," అన్నాడొకడు, మొహమంతా గంధం పూసుకున్నవాడు.

"మొగుడు ఎనకాలనే పరిగెత్తతా ఉండాడు గదరా, సెప్పులు చేత్తో పట్టుకోని," అన్నాడు ఇంకొకడు.

అవి కోమలి చెప్పులే. ఒకదాని పట్టీ తెగింది.

నాలుగో రోజు ఇంకా ఘోరం. సాయంత్రం కాళహస్తిలో ఎక్కిన బస్సు చిత్తూరు పోయేది. కిటికీ పక్క సీటు దొరికింది, గాలి తగిలింది, కోమలి కన్ను మూతపడింది. తెరిచేసరికి బయట చంద్రగిరి కోట కనిపిస్తోంది. తిరుపతి దాటిపోయింది. పొద్దు వాలిపోయింది. దిగి రోడ్డు పక్కన నిలబడి గిరికి ఫోన్ చేస్తే అతను ముందు నవ్వాడు, తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆడనే ఉండు. అమ్మకి ఏం చెప్పబాక. వస్తా ఉండా."

బండి మీద తిరిగి వస్తున్నప్పుడు కోమలి అతని వీపుకు తల ఆనించింది. తర్వాత అడిగింది.

"మామా, నేను నిదానంగా ఉండే పిల్లనై ఉంటే బాగుండు అని ఎప్పుడన్నా అనుకున్నావా?"

"నిదానంగా ఉండే పిల్ల కోసమే నాలుగేళ్లు సూసినాము. కుదర్లేదు," అన్నాడు గిరి.

ఇంటికి వచ్చేసరికి మునిరత్నమ్మ గుమ్మంలోనే ఉంది. గడియారం వైపు చూసింది, కోడలి వైపు చూసింది. చెంప మీద బస్సు కిటికీ ఊచ అచ్చు పడి ఉంది. ఆమె గుమ్మంలోంచి పక్కకు జరిగింది. "అన్నం తినుపో," అంది.

జాతర రోజు వచ్చింది. తెల్లవారుజామునే గిరికి తలస్నానం చేయించి, మొహానికి పసుపు పూసి, తలకు సవరం కట్టారు. కోమలి జాకెట్టు అతని మోచేతి దాకా కూడా ఎక్కలేదు. అత్త జాకెట్టు వెనక హుక్కులు వదిలేసి తొడిగారు. తర్వాత ఆరణి పట్టు పెళ్లి చీర, అరటాకు పచ్చ. కోమలి వంగి కుచ్చిళ్లు పోస్తుంటే గిరికి చక్కిలిగింత పెట్టి పొట్ట లోపలికి లాగుకుంటున్నాడు.

"మెదలబాక మామా. కుచ్చిళ్లు జారతాయి."

"నువ్వు రోజూ ఇదంతా కట్టుకోని ఎట్లా పరిగెత్తతావు మే?"

"నేను పరిగెత్తేటప్పుడు చుడీదారు. ఆ పిన్నీసు ఇట్లియ్యి."

పిన్నీసు లేదు. అట్టకు గుచ్చిన పిన్నీసులన్నీ మునిరత్నమ్మ సవరానికి పూలు నిలబెట్టడానికే వాడేసింది. బయట, కోమలిని బస్టాండుకు దింపే ఆటో వచ్చి హారను కొడుతోంది. పైట భుజం మీద నిలవడం లేదు, పట్టు జారిపోతోంది. కోమలి చేతికి అందిన సంచీలోంచి తన ఫ్యాక్టరీ కార్డు తీసింది. దాని పట్టీ చివర గట్టి ఉక్కు క్లిప్పు ఉంటుంది. దానితో పైటను జాకెట్టుకు కలిపి పట్టించి, కార్డును మడత కిందికి తోసేసింది.

"ఇంకో పిన్నీసు ఎదురింట్లో అడిగి తెస్తా, అప్పుడు ఇది తీసేస్తా," అంది.

ఎదురింటివాళ్లు అప్పటికే గుడికి వెళ్లిపోయారు. ఆటో మళ్లీ హారను కొట్టింది. కోమలి అటే పరిగెత్తింది, ఆ పరుగులో కార్డు సంగతి పూర్తిగా మరిచిపోయింది.

ఫ్యాక్టరీ గేటు ముందు సంచీలో చెయ్యి పెట్టినప్పుడు గుర్తుకొచ్చింది. ముందు వరసలో అమల కార్డు యంత్రానికి చూపించింది, అది కీచుమంది, తలుపు తెరుచుకుంది. కార్డు లేకుండా లోపలికి ఈగ కూడా పోదు.

"ఇంటికాడ మర్చిపోయినావా?" అంది అమల, అవతలి నుంచి.

"మా మామ పైటకి ఉండాది," అంది కోమలి.

అమల ఒక్క క్షణం అర్థం కాక చూసింది. అర్థమయ్యాక చేత్తో నోరు మూసుకుని, శిక్షణ ఇచ్చే హరినాథ్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన గేటు దాకా వచ్చాడు. కావలి వాళ్లతో మాట్లాడాడు. లాభం లేకపోయింది.

"చూడమ్మా, పొద్దున సగం మందికి పరీక్ష పెడతాను. మిగతా సగానికి మధ్యాహ్నం భోజనాలయ్యాక. నిన్ను మధ్యాహ్నానికి వేస్తాను. అప్పటికి కార్డు రావాలి. రాకపోతే నా చేతుల్లో ఏం లేదు."

గిరి ఫోను ఇంట్లో ఉంది, చీరకు జేబు లేదు కదా. కోమలి అత్తకు చేసింది. అటు పక్క డప్పులు, పంబలు, జనం అరుపులు.

"ఏందిమే, ఇనపడలా. గట్టిగా సెప్పు."

చెప్పింది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారి గేటు దగ్గర అందరికీ వినిపించేలా చెప్పింది. అవతల డప్పుల మోతలో అత్త కొడుకును ఇటు తిరగమనడం వినిపించింది.

"ఉండాది. ఈన్నే వేలాడతా ఉండాది. నీ ఫొటో," అంది మునిరత్నమ్మ చివరికి. "నేను పూలనుకున్నా."

"మామకి ఇచ్చి పంపితే..."

"వాడు వేషం కట్టినాక అమ్మోర్ని సూడకుండా పొలిమేర దాటేది యాడుండాది? ఈడ లైను సూస్తే గుడి చుట్టూ తిరిగి రోడ్డు మీదికొచ్చేసింది. యాడ పెట్టుకునేదమ్మా నీతో..."

ఫోను తెగిపోయింది.

కోమలి గోడ వెంట నడవడం మొదలుపెట్టింది. ఈ గేటు నుంచి ఆ గేటు దాకా, మళ్లీ వెనక్కి. తారు మెత్తబడే ఎండ. కావలిదారు కుర్చీ ఒకటి నీడలో వేసి, "కూసోమ్మా, కళ్లు తిరగతాయి," అన్నాడు. ఆమె కుర్చీ దాకా వెళ్లి, కూర్చోకుండానే మళ్లీ నడిచింది.

నడుస్తూ నడుస్తూ ఆలోచించింది. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు. అది ఒక్కటే అయితే ఇంత భయం వేసేది కాదు. మళ్లీ ఆ రెండు గదులు, సాయంత్రం దాకా ఆ నిశ్శబ్దం, తాను తగలేసే వడాలూ డ్రమ్ములూ, "పోనీలే" అనే గిరి గొంతు, ఇవన్నీ వరసగా ముందుకొచ్చాయి. ఇంకోవైపు, ఒక ముసలామె నాలుగేళ్లు మోసిన మొక్కు. అది తీరే రోజున కోడలు ఫోను చేసి కొడుకు పైట ఊడదీయమంటోంది. అటు వైపే బరువు ఎక్కువగా తోచింది. తానడిగింది తప్పు అనిపించింది.

మళ్లీ ఫోను చేసింది. వద్దులే అత్తా, మీరు మొక్కు తీర్చుకోండి అని చెబుదామని. ఫోను కలవలేదు. ఇంకోసారి చేసినా కలవలేదు. జనంలో సిగ్నలు లేదేమో అనుకుంది. చెప్పాలనుకున్న మాట చెప్పలేకపోవడంతో నడక ఇంకా పెరిగింది.

లోపల భోజనాల గంట మోగింది. అమల తన డబ్బాలో సగం పులిహోర గేటు సందులోంచి అందించింది. కోమలి నిలబడే నాలుగు ముద్దలు తింది. సరిగ్గా అప్పుడే సూళ్లూరుపేట వైపు నుంచి ఒక షేర్ ఆటో వచ్చి ఆగింది. ముందు ఒక వైరు బుట్ట దిగింది. తర్వాత మునిరత్నమ్మ దిగింది. కొంగు తల మీద కప్పుకుని ఉంది. ఎండకు మొహం కందిపోయి ఉంది.

ఆమె జాకెట్టులోంచి కార్డు తీసి కోడలి చేతికిచ్చింది.

"ఇదేనా? ఇంకేమన్నా వాడి ఒంటిమీద మర్చిపోయినావా?"

"అత్తా, మొక్కు..."

"అమ్మోరు యాడికీ పోదు. రాత్రి దాకా ఆడనే ఉంటాది. నీ పరీచ్చే పోతాది. పో."

"మామ పైట?"

"పూల నారతో కట్టేసినా. నీ కిలిప్పు కంటే గట్టిగా ఉండాది. పోమే, నిలబడుకోని మాట్లాడతావేంది?"

కార్డు నిండా పసుపు. ఫొటోలో కోమలి కళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కావలిదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది గంగమ్మ ఫొటోనా అమ్మా?" అంటూ తన చేతిరుమాలుతో తుడిచాడు. మొదటిసారి యంత్రం పలకలేదు. మళ్లీ తుడిచి పెడితే కీచుమంది.

పరీక్షలో చేతి వేలి గోరంత మరలు వరసగా బిగించాలి, తేడా ఉన్నవి ఏరి పక్కన పెట్టాలి. మొదటి రెండు మరలు కోమలి వేళ్ల నుంచి జారాయి. తర్వాత చేతులు, తెగిన పోగు అతికేటప్పుడు ఎలా కుదురుతాయో అలా కుదిరాయి. హరినాథ్ ఆమె ట్రే చూశాడు. పేరు పక్కన గీత గీసి తర్వాతి బల్లకు వెళ్లాడు. అదే మంచి గుర్తని అమల తర్వాత చెప్పింది.

సాయంత్రం కంపెనీ బస్సులో మునిరత్నమ్మను కూడా ఎక్కించుకోవడానికి హరినాథే డ్రైవరుకు చెప్పాడు. అమల కిటికీ పక్క సీటు ఇచ్చింది.

"మీరీడ కూసోండి పెద్దమ్మా, గాలొస్తాది. మీ కోడలికి మాత్రం కిటికీ పక్కన ఇయ్యబాకండి. నిద్రపోతే చంద్రగిరే."

అమల నాలుక కరుచుకుంది. కోమలి తల దించుకుంది. మునిరత్నమ్మ కిటికీలోంచే చూస్తూ, "తెలుసులే," అంది. "సెంప మీద ఊసలు సూసినా ఆ పొద్దే. ఎట్లనో రాత్రికి వచ్చి పడినావు గదా అనుకున్నా."

పొద్దు మునిగేలోపు పొలిమేర లోపలికి రావాలి. ఆమె చూపంతా సూర్యుడి మీదే ఉంది. కాళహస్తి దగ్గర అది తాటిచెట్టంత ఎత్తులో ఉంది. ఆర్టీసీ బస్సు రేణిగుంట దాటేసరికి చెట్ల వెనక పడింది. జాతర రద్దీకి తిరుపతిలో బస్సులను దారి మళ్లిస్తున్నారు, బండ్లు కదలడం లేదు. మునిరత్నమ్మ బస్సు ఆపించి దిగిపోయింది. కోమలి బుట్ట అందుకుంది. ఇద్దరూ నడిచారు. కాసేపటికి కోమలి గమనించింది, అత్తే ముందుంది. అందుకోవడానికి తానే పెద్ద అంగలు వేయాల్సి వస్తోంది.

గుడి వీధి మొదట్లో గిరి నిలబడి ఉన్నాడు. పచ్చ చీర నలిగి, కుచ్చిళ్లు ఒక పక్కకు జరిగి, పసుపు కింద నుంచి గడ్డం పొడుచుకొచ్చి ఉంది. చేతుల్లో ఎవరో పెట్టిపోయిన నిమ్మకాయలు, వేపాకు.

"పొద్దుటి నించి నన్నీడ నిలబెట్టి ఇద్దురూ యాడికి పోయినారు?" అన్నాడు. "కూసుందామంటే నన్నే అమ్మోరనుకోని పిలకాయల్ని ఎత్తుకోనొచ్చి కాళ్లకాడ పెడతా ఉండారు. దీవించి దీవించి చెయ్యి నొప్పెత్తింది."

"లోపలికి పోలేదా మామా?"

"మీరు లేకుండా యాడ పోయేది? మొక్కింది ఆమె. కట్టింది నువ్వు."

కోమలి వీధిలోనే వంగి కుచ్చిళ్లు సరిచేసింది. మునిరత్నమ్మ కొడుకు మొహం తన కొంగుతో తుడిచి, తెచ్చిన పసుపు మళ్లీ పూసింది. ముగ్గురూ వరసలో చేరారు. వెనక నుంచి ఎవరో తోస్తున్నారు, ముందు డప్పులు మోగుతున్నాయి. మునిరత్నమ్మ ఒక చేత్తో కొడుకునూ ఇంకో చేత్తో కోడలినీ పట్టుకుని లోపలికి నడిపించింది.

కోమలి పరీక్షలో నెగ్గింది. రెండేళ్లుగా ఆ ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో పనిచేస్తోంది. కాపురం తిరుపతి పాత ఊళ్లోనే. కంపెనీ బస్సు ఇప్పుడు రేణిగుంట దాకా వస్తోంది.